సలాం ముందు రావాలి

శనివారం, కైరో

రోదా దీవి దక్షిణపు కొసన శంకువు లాంటి కప్పు వేసిన చిన్న కట్టడం ఒకటి ఉంది. బయటినుంచి చూస్తే ఎవరిదో సమాధి అనుకుంటాం. లోపలికి అడుగుపెడితే కాళ్ల ముందే లోతైన బావి, గోడల వెంట మెట్లు, నడుమ ఎనిమిది పలకల పాలరాతి స్తంభం. స్తంభం మీద మూరల గుర్తులు. ఇదే మిక్యాస్, నైలు వరదను కొలిచే చోటు. 861లో ఖలీఫా అల్ ముతవక్కిల్ కాలంలో కట్టారు. నదినుంచి మూడు సొరంగాలు మూడు ఎత్తుల్లో ఈ బావిలోకి తెరుచుకునేవి. ఇప్పుడు మూసేశారు కాబట్టి లోపలికి నీళ్లు రావు, మెట్లు దిగొచ్చు.

వరద 16 మూరలు అందుకుంటే ఆ ఏడు తిండికీ పన్నుకీ ఢోకా లేదు. 1200లో నీళ్లు 13 మూరలు కూడా అందుకోలేదు. మరుసటి ఏడూ సరిగా రాలేదు. ఆ కరువులో మనుషులు మనుషుల్నే తిన్నారు. అప్పుడు ఈ ఊరు ఏమైందో కళ్లారా చూసి రాసిపెట్టినవాడు అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ. బాగ్దాద్‌లో పుట్టిన వైద్యుడు, అప్పట్లో అల్ అజ్హర్‌లో పాఠాలు చెబుతున్నాడు. కాల్చిన చిన్నపిల్లవాణ్ని బుట్టలో పెట్టి కొత్వాలు ఇంటికి తీసుకొచ్చారని, వెంట ఉన్న ఆడ, మగ ఆ బిడ్డ తల్లిదండ్రులే అన్నారని, ఇద్దర్నీ కాల్చేయమని తీర్పయిందని రాశాడు. మొదట్లో జనం దీని గురించి నోరు నొక్కుకుంటూ చెప్పుకునేవాళ్లట. కొన్నాళ్లకు అలవాటైపోయిందట. నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ అలవాటే.

నేను వచ్చింది చరిత్ర కోసం కాదు, కథల కోసం. రియాద్‌లో నర్సుగా చేసిన రోజుల్లో జోర్డాన్ అమ్మాయి ఒకామె నాతోపాటు నైట్ డ్యూటీలు చేసేది. పేషెంట్లు నిద్రపోయాక, నిద్ర ఆపుకోవడానికి వాళ్ల అవ్వ చెప్పిన గూలా కథలు నాకు చెప్పేది. గూల్ అంటే మనుషుల్ని తినే జాతి, ఆడదైతే గూలా. "మా ఊరికి రా, మా సిత్తీ నోటే విందువుగాని" అని ఏళ్లుగా పిలుస్తోంది. సిత్తీ అంటే అవ్వ. సరే వెళదాం అనుకున్నాక, దారిలో కైరోలో ఆగుదామనిపించింది. కథలో తినడం ఎలా ఉంటుందో వినేముందు నిజంగా తిన్న చోటు ఒకసారి చూడాలని. పిచ్చి ఆలోచనే. మా ఆయన ఫోన్‌లో "ఎవరైనా పిరమిడ్లు చూడ్డానికి వెళ్తారు" అన్నాడు.

ఆదివారం, కైరో

రాంసెస్ స్టేషన్ ముందు రోడ్డు దాటడం కన్నా గూలా నోట్లో పడటం నయం. హారన్లు, మైక్రోబస్సులు, ఖర్జూరాలు అమ్మే బళ్లు. ఎదురుగా అల్ ఫత్హ్ మసీదు. ఒకప్పుడు నైలు ఇంత దగ్గరగా పారేది. ఈ చోటుని అల్ మక్స్ అనేవాళ్లు, రేవు ఉండేది. కరువు తర్వాత ఇక్కడ గుట్టలు గుట్టలుగా ఎముకలు పడి ఉన్నాయని అబ్దుల్ లతీఫ్ రాశాడు.

ఇక్కడే ఆ వైద్యుడు చేసిన పని ఉంది చూడండి, అది చదివి నేను ఆయనకు దండం పెట్టాను. మనిషి కింది దవడ రెండు ఎముకల అతుకు అని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పాడు. వెయ్యేళ్లు అందరూ అదే నమ్మారు. ఈయన ఆ గుట్టల్లోంచి 2,000కు పైగా పుర్రెలు చూసి, కాదు, దవడ ఒకటే ఎముక, ఎక్కడా అతుకు లేదు అని తేల్చాడు. గాలెన్ మాట కన్నా కంటికి కనబడేదే నిజమన్నాడు. నర్సింగ్‌లో అనాటమీ బట్టీపట్టినప్పుడు ఈ ఒక్క వాక్యం వెనక ఇంత చావు ఉందని ఎవరూ చెప్పలేదు.

ఆయన రాసిన ఇంకో సంగతి వైద్యుల గురించి. రోగిని చూడాలని ఇంటికి పిలిచి డాక్టర్లను చంపి తినేవాళ్లట. ఒక వైద్యుణ్ని ఒకడు అలాగే పిలుచుకుపోయాడు. దారి పొడవునా దానాలు చేస్తూ, దేవుడి పేరు తలుస్తూ నడిచాడు. వైద్యుడికి అనుమానం వచ్చినా, ఇంత భక్తిపరుడు కదా అని వెంట వెళ్లాడు. పాడుబడ్డ ఇల్లొకటి వచ్చింది. లోపలినుంచి ఒకడు బయటికొచ్చి, "ఇంత ఆలస్యం చేశావు, మంచి వేటేనా తెచ్చింది?" అన్నాడు. వైద్యుడు పరుగో పరుగు.

ఇది చరిత్ర. కానీ దీని నడక కథదే. ఇంటికి పిలుపు, మర్యాద, చివరి క్షణంలో జారిన మాట. అంతకు ముందు 1065 నుంచి 1072 దాకా ఖలీఫా ముస్తన్సిర్ కాలంలో పడ్డ కరువు గురించి ఈజిప్టు చరిత్రకారుడు మఖ్రీజీ రాసిందీ ఇలాంటిదే. జనం మిద్దెల మీద కూర్చుని, తాళ్లకు కొక్కేలు కట్టి, కింద నడిచే మనుషుల్ని పైకి లాక్కునేవాళ్లట. ఇలాంటివి చూసిన ఊళ్లో పిల్లలకు ఏ కథలు చెబుతారు మరి?

సాయంత్రం టీ కొట్టు దగ్గర అడిగితే, గ్లాసులు కడిగే కుర్రాడు నవ్వుతూ లెక్కపెట్టాడు. "ఉమ్మినా గూలా" అంటే మా అమ్మ గూలా, మంచిగా పలకరిస్తే సాయం చేస్తుంది, లేకపోతే తినేస్తుంది. "అబూ రిగ్ల్ మస్లూఖా" అంటే ఒక కాలు ఉడికిపోయినవాడు. చిన్నప్పుడు అమ్మానాన్నల మాట వినక కాలు కాల్చుకున్నాడు, ఇప్పుడు మాట వినని పిల్లల్ని వండుకుతింటాడు. మన బూచాడు సంచిలో వేసుకుపోతాడంతే, తర్వాత ఏం చేస్తాడో ఎవరూ చెప్పరు. వీళ్లు వంటదాకా చెప్పేస్తారు.

సోమవారం, అమ్మాన్

గంటన్నర విమానం. ఇమిగ్రేషన్ క్యూలో అంతకన్నా ఎక్కువసేపు నిలబడ్డాను.

గూల్ అనగానే బయటి ప్రపంచానికి శ్మశానంలో శవాలు పీక్కుతినేది గుర్తొస్తుంది. దీనికి చాలావరకు కారణం పారిస్‌లో జరిగిన ఒక పరిచయం. సిరియాలోని హలబ్ (అలెప్పో) నుంచి వెళ్లిన హన్నా దియాబ్ అనే కుర్రాడు 1709లో ఆంత్వాన్ గలాన్‌కు కథలు చెప్పాడు, ఆయన వాటిని వెయ్యిన్నొక్క రాత్రుల ఫ్రెంచి సంపుటాల్లో కలిపాడు. అందులో అమీనా అనే కొత్త పెళ్లికూతురుంది. మొగుడి ముందు అన్నం ఒక్కో మెతుకే తింటుంది, రాత్రయ్యాక సమాధుల దగ్గర గూల్‌లతో కలిసి విందు చేసుకుంటుంది. బాగుంది కానీ, అవ్వలు చెప్పే గూలా ఇది కాదు. ఆమె బతికున్నవాళ్లనే తింటుంది, తిరగలి దగ్గర కూర్చుని ఉంటుంది, ఇల్లు, కొడుకులు, వంటపని అన్నీ ఉన్న సంసారి.

సింద్‌బాద్ నాలుగో యాత్రలోనూ నరభక్షకులున్నారు. ఓడ మునిగి ఒడ్డుకు చేరినవాళ్లకు ఏదో తిండి పెడతారు, అది తింటే మతి పోతుంది, ఆకలి పెరుగుతుంది, మేకల్లా మేసి బలుస్తారు. తర్వాత రాజుగారికి కాల్చి పెడతారు. సింద్‌బాద్ ఆ తిండి ముట్టడు, చిక్కి శల్యమై బతికిపోతాడు. ఎవరి చేతి తిండి తింటున్నావో చూసుకో అనే ఆ భయం మాత్రం అవ్వల కథల్లోదే.

మంగళవారం, సల్త్

అమ్మాన్‌నుంచి వాయవ్యంగా కొండల్లోకి వెళితే సల్త్. పసుపు సున్నపురాయితో కట్టిన పాత ఇళ్లు కొండవాలు మీద ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నట్టుంటాయి. 2021లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి ఈ ఊరి అతిథి మర్యాద. నరభక్షకుల కథలు వినడానికి ఇంతకన్నా తగిన ఊరు దొరకదని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

నా స్నేహితురాలి సిత్తీకి ఎనభై దాటాయి. ఎంబ్రాయిడరీ చేసిన నల్లటి గౌను, తెల్లటి తలగుడ్డ, మోకాళ్ల నొప్పి. నన్ను చూడగానే బీపీ మిషన్ తెచ్చావా అని అడిగింది. తెచ్చాను. 150 మీద ఉంది. ఉప్పు తగ్గించమంటే మనవరాలికేసి చూసి, "ఇది కూడా నీలాగే" అంది.

కథ అడిగితే పగలు చెప్పనంది. చీకటి పడ్డాక, సేజ్ ఆకు వేసిన టీ తాగాక మొదలుపెట్టింది. "దేవుడొక్కడే అనండి" అంటుంది ఆమె. "దేవుడొక్కడే" అని మేమందరం అనాలి. అప్పుడు, "అనగనగా".

పోయినదాన్ని వెతుక్కుంటూ కుర్రాడొకడు బయల్దేరతాడు. దారిలో గూలా ఎదురవుతుంది. తిరగలి ముందు కాళ్లు చాపుకుని, పొడుగాటి రొమ్ముల్ని భుజాల మీదుగా వెనక్కి వేసుకుని విసురుతూ ఉంటుంది. ఉప్పు విసురుతూ, కళ్లు ఎర్రగా ఉంటే దగ్గరికెళ్లకూడదు. చక్కెర విసురుతుంటే వెనకనుంచి మెల్లగా వెళ్లి కుడి రొమ్ము పాలు ఒక గుక్క, ఎడమ రొమ్ము పాలు ఒక గుక్క తాగెయ్యాలి. ఆపైన ఎదురుగా వచ్చి "అస్సలాము అలైకుమ్, అమ్మా గూలా" అనాలి. అప్పుడామె అనే మాట అరబ్బు దేశాల్లో ఏ పిల్లవాణ్ని అడిగినా చెబుతాడు.

"లౌలా సలామక్ సబక్ కలామక్, లఅకల్త్ లహ్మక్ ఖబ్ల్ ఇజామక్."

నీ మాటకన్నా ముందు నీ సలాం రాకపోయుంటే, నీ ఎముకలకన్నా ముందు నీ మాంసం తినేసేదాన్ని.

సిత్తీ ఈ మాట అనేటప్పుడు గొంతు మార్చలేదు. పక్కింటామెను పలకరించినంత మామూలుగా అంది. ఆపైన గూలా, "నా పాలు తాగావు, నా కొడుకులతో సమానం" అంటుంది. ఇక వాడిని తినలేదు. అంతేకాదు, రాత్రికి ఆమె కొడుకులు వేటనుంచి ఇంటికొచ్చి "నరవాసన, నరవాసన" అంటారు (ఇది విని నేను సోఫాలోంచి లేచి కూర్చున్నాను, మా నాయనమ్మ రాక్షసులూ అచ్చం ఇదే అంటారు). తల్లి వాణ్ని సూదిగా మార్చి తలగుడ్డలో గుచ్చుకుని, వాళ్ల చేత మాట తీసుకున్నాకే బయటపెడుతుంది.

పాల సంబంధం కథలోది మాత్రమే కాదు. ఇస్లామిక్ చట్టంలో పాలిచ్చిన స్త్రీ తల్లితో సమానం, ఆమె పిల్లలు తోబుట్టువులు, వాళ్లతో పెళ్లి కుదరదు. సిత్తీ కొడుకొకడు పక్కింటామె పాలు తాగాడట. ఆ ఇంటి ఆడపిల్లలు ఇప్పటికీ అతని ముందు తలగుడ్డ లేకుండా తిరుగుతారు. అంటే గూలాను కట్టిపడేసింది మంత్రం కాదు, ఊళ్లో అందరికీ తెలిసిన రూలు. అడవిలో ఉండే మనిషి మాంసం తినే ముసలిది కూడా ఆ రూలు దాటదు. సలాం, పాలు, ఇచ్చిన మాట. ఈ మూడింటి ముందు ఆమె ఆకలి ఆగిపోతుంది.

చంపాల్సి వస్తే మాత్రం ఒకే దెబ్బ. గూలా కిందపడి "ఇంకొకటి కొట్టు" అంటుంది. కొడితే లేచి కూర్చుంటుంది. "మా అమ్మ నేర్పలేదు" అని వెనక్కి తిరగాలి. ఇస్లాంకు ముందటి కవి తఅబ్బత షర్రన్ పేరు మీద ఉన్న పద్యంలోనూ గూలా మళ్లీ కొట్టమంటుంది, అతను కొట్టడు. పధ్నాలుగు వందల ఏళ్లు దాటిన ఆ మాట ఈ గదిలో టీ గ్లాసుల మధ్య తిరిగింది.

బుధవారం, సల్త్

మధ్యాహ్నం మన్సఫ్. పెద్ద పళ్లెంలో పల్చటి రొట్టె, దాని మీద అన్నం, దాని మీద గొర్రెమాంసం, పైన ఎండబెట్టిన గొర్రె పెరుగు కరిగించి చేసిన పులుసు. ఇంటి మగవాళ్లు నిలబడి కుడిచేత్తో ముద్దలు చేసి తిన్నారు. మంచి ముక్కలన్నీ ఏరి నా వైపు తోశారు. చిన్న మనవడి బుగ్గ పట్టుకుని సిత్తీ "తినేస్తా నిన్ను" అంది. మనం కొరుక్కుతినేస్తా అనమా, అలాగే.

ఆ రాత్రి చెప్పింది పచ్చపిట్ట కథ. ఇందులో గూలా లేదు. అడవి లేదు. ఒక ఇల్లు, తండ్రి, సవతి తల్లి, తల్లిలేని ఇద్దరు పిల్లలు. ఇంట్లో మాంసం లేదు. సవతి తల్లి పిల్లవాణ్ని కోసి వండుతుంది. తండ్రి సాయంత్రం వచ్చి, ఆకలిమీద, ఏ మాంసమో తెలియక తింటాడు. చెల్లెలు తినదు. ఎముకలు ఏరి దాచి పాతిపెడుతుంది. అవి పచ్చపిట్టై లేస్తాయి. ఆ పిట్ట ఊరంతా ఎగురుతూ పాడుతుంది, సవతి తల్లి నన్ను కోసింది, నాన్న నా మాంసం తిన్నాడు, నా చెల్లి, దేవుడు దాన్ని చల్లగా చూడాలి, నా ఎముకలు ఏరింది అని. చివరికి ఇంటి మీద వాలి, "నోరు తెరువు" అని సవతి తల్లితో అంటుంది. సూదులు, మేకులు పడతాయి. తండ్రి నోట్లోనూ అవే. చెల్లెలి ఒడిలో మాత్రం తనే దిగి అన్నయ్యగా మారుతుంది.

పాట వచ్చిన ప్రతిసారీ గదిలో ఉన్న ఆడవాళ్లందరూ గొంతు కలిపారు.

తండ్రికి శిక్ష ఎందుకు, పాపం తెలియక తిన్నాడు కదా అన్నాను. సిత్తీ నాకేసి జాలిగా చూసింది. "బిడ్డా, ఇంట్లో ఒక పిల్లాడు కనబడటం లేదు. కూర మాత్రం వచ్చింది. అడగొద్దా?"

మన సిరియాళుడి కథ చెప్పాను. జంగమయ్య వేషంలో శివుడొచ్చి నీ కొడుకు మాంసం పెట్టమనడం, తల్లిదండ్రులు కోసి వండటం, అతిథి "నీ కొడుకుని భోజనానికి పిలువు" అంటే తల్లి "సిరియాళా" అని కేకేయడం, వాడు పరుగెత్తుకుంటూ రావడం. అందరూ ఊపిరి బిగబట్టి విన్నారు. నా స్నేహితురాలు మెచ్చుకుంది. సిత్తీకి నచ్చలేదు. "తెలిసి చేశారా!" అని రెండుసార్లు అంది. దేవుడు పరీక్షించాడని చెప్పాను. ఇబ్రాహీం కథలో దేవుడు గొర్రెను పంపాడు కదా, మీ దేవుడు వంట అయ్యేదాకా ఎందుకు ఆగాడు అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు, ఇంకో టీ పోసుకున్నాను.

తర్వాత పడుకునేముందు ఇంకోటి చెప్పింది, కాస్త చిన్నది. అందరూ కొడుకులే పుట్టిన తల్లి, "కూతుర్నివ్వు దేవుడా, గూలా అయినా సరే" అని మొక్కుకుంటుంది. కూతురు పుడుతుంది. రాత్రుళ్లు గొర్రెలు మాయమవుతుంటాయి. చిన్న కొడుకు కాపలా కాసి, ఉయ్యాల్లోంచి దిగి వచ్చి తిని మళ్లీ ఉయ్యాలెక్కే చెల్లెల్ని చూస్తాడు. ఎవరూ నమ్మరు. ఇల్లొదిలి వెళ్లిపోతాడు. ఏళ్లకు తిరిగొస్తే ఊరు ఖాళీ. చెల్లెలొక్కతే ఉంది. "అన్నా, నీ గుర్రానికి మూడు కాళ్లేనా?" అని అడుగుతుంది. నాలుగోది ఆమె కడుపులో ఉంది. "అవునమ్మా, మూడే." కాసేపాగి, "అన్నా, రెండేనా?" "అవును, రెండే." గదిలో పిల్లలు దుప్పట్లు కప్పుకున్నారు. అంకెల లెక్క ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు.

రెండు రాత్రుల కథలూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు ఒకటి తోచింది. అడవిలోని గూలాకు రూల్స్ ఉన్నాయి. ఇంట్లో జరిగే తినడానికి లేవు. సవతి తల్లికి సలాం చెప్పి బతకలేం, ఉయ్యాల్లోని చెల్లెలికి పాల సంబంధం గుర్తుచేయలేం, అప్పటికే రక్త సంబంధం ఉంది, అది ఆపలేదు. ఈ కథలు భయపెట్టేది కొండ అవతలున్నదాన్ని చూపించి కాదు. పొయ్యి మీదున్న గిన్నెను చూపించి.

గురువారం, అమ్మాన్

సిత్తీని కూడా కారెక్కించి అమ్మాన్‌లో జబల్ హుసేన్‌కు వచ్చాం. నా స్నేహితురాలి అత్తగారిది పాలస్తీనా కుటుంబం, 1948లో లిద్ నుంచి వచ్చేశారు. ఆమె సిత్తీ కన్నా పెద్ద కథకురాలని అందరూ అంటారు, సిత్తీ తప్ప.

పాలస్తీనా వాళ్లు ఈ కథల్ని హికాయె అంటారు. చలికాలం రాత్రుళ్లు, పెద్ద వయసు ఆడవాళ్లు, ఆడవాళ్లకూ పిల్లలకూ చెప్పేవి. మగవాళ్లు వీటిని ముసలమ్మల ఊసులని తీసిపారేసి కాఫీ కొట్లో అరబ్బు వీరగాథల్లోని అబూ జైద్ అల్ హిలాలీ యుద్ధాలు వినేవాళ్లు. యునెస్కో 2005లో హికాయెను మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది. రెండేళ్లకే, 2007లో, పాలస్తీనా విద్యాశాఖ ఈ కథల పెద్ద సంకలనాన్ని స్కూలు లైబ్రరీలనుంచి తీసేయమంది. గొడవయ్యాక వెనక్కి తగ్గింది. అభ్యంతరం కథల్లోని బూతు మాటల మీద. తండ్రి కొడుకుని తిన్నదానికి కాదు, ఎవరో ఎక్కడో మోటుగా మాట్లాడినందుకు. అత్తగారు ఆ సంగతి చెబుతూ ఆ బూతు మాటలు కూడా వివరంగా చెప్పింది. నేను ఇక్కడ రాయను.

ఆమె చెప్పిన కథ జోర్డాన్ నది తూర్పు ఒడ్డున ఉన్న గూలాది. పేదవాడొకడు పెళ్లాం పిల్లలతో పడమటినుంచి నది దాటి తూర్పుకు వలస వస్తాడు.

"అదిగో, మొదలైంది," అంది సిత్తీ. "మీ కథల్లో గూలా ఎప్పుడూ మా ఒడ్డునే ఉంటుంది."

"మరి మా ఒడ్డున ఉంటే మేమెందుకు వలస వస్తాం?"

అక్కడ ఒకామె ఎదురొచ్చి, అయ్యో నాయనా, నేను నీకు మేనత్తను, ఇన్నాళ్లకా రావడం అని ఏడుస్తుంది. ఇల్లిస్తుంది, పిండి, నెయ్యి, మాంసం ఇస్తుంది. వాడికి ఇంకేం కావాలి. రోజూ ఆమెకు కూతురి చేత భోజనం పంపిస్తుంటారు. ఒకరోజు ఆ పిల్ల తలుపు సందులోంచి చూస్తుంది. మేనత్త ఒక కుర్రాణ్ని ముందేసుకుని తింటోంది. పిల్ల పరుగెత్తి తల్లికి చెబుతుంది. తల్లి మొగుడికి చెబుతుంది. "నోర్మూసుకో, మా మేనత్తను అంటావా, ఈ వైభోగం నీకు పడటంలేదు" అంటాడు. తల్లి రాత్రికి రాత్రి పిల్లల్ని తీసుకుని నది దాటేస్తుంది. తెల్లారి గూలా వస్తుంది. ఇల్లంతా వెతికితే ఒక్కడే దొరుకుతాడు.

పిలిచి అన్నం పెట్టిన మర్యాదే ఇక్కడ ఎర. కైరోలో దానాలు చేస్తూ నడిచిన ఆ భక్తుడు గుర్తొచ్చాడు. మంగళవారం నాటి గూలాకు సలాం ముందు చెప్పాలి. ఈమె తనే ముందు చెప్పింది. ఇలాంటప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టాలి, కూతురూ పెళ్లామూ కనిపెట్టారు. వినేవాడే లేడు.

"ఎక్కణ్నుంచి మొదలుపెట్టమంటావు?" అని అడుగుతుంది గూలా.

అత్తగారు ఇక్కడ ఆగింది. గదిలో ఉన్న ఆడవాళ్లందరికీ జవాబు తెలుసు, నా స్నేహితురాలితో సహా. అందరూ ఒక్కసారే అన్నారు.

"నా గడ్డంనుంచి మొదలుపెట్టు, అది నా పెళ్లాం మాట వినలేదు!"

నవ్వులు. అప్పుడే నా స్నేహితురాలి మొగుడు, చక్కటి నల్లగడ్డం ఉన్న మనిషి, తలుపు దగ్గరికొచ్చి టీ ఏమైనా ఉందా అని అడిగాడు. ఎవరూ జవాబు చెప్పలేదు, మళ్లీ నవ్వారు. ఆయన ఏం తప్పు చేశానా అని గడ్డం నిమురుకుంటూ వంటింట్లోకి వెళ్లి తనే కాచుకున్నాడు.